చెవికి వీపు లేదు

మజిలీ 214, మొదటి రోజు

పొద్దున పది గంటలకు బండిళ్ళు ఆగాయి. నేల ఎర్రగా, గట్టిగా ఉంది. చక్రాలు దిగబడవు. నీడ చూసుకుని మా ఇంటిని తూర్పు పడమరలుగా నిలిపించాను. మిగతా నలభై రెండు ఇళ్ళూ ఎప్పటిలాగే మాకు ఉత్తరాన వరసలు కట్టుకున్నాయి. మాది చివరి ఇల్లు. వంటగది కిటికీ తెరిస్తే దక్షిణంగా ఖాళీ నేల తప్ప ఏమీ కనపడదు.

దింపిన సామాను: జొన్నలు రెండు బస్తాలు, నీళ్ళ డ్రమ్ములు మూడు. అందులో నిండువి రెండే. ఊరి మొత్తానికి నీళ్ళు తొమ్మిది రోజులకు ఉన్నాయని మజిలీపెద్ద హనుమంతప్ప చెప్పాడు. రేపు ఏడు వెతుకుబండ్లు నీటిజాడకు పోతాయి.

కప్పెక్కి యాంటెనా కర్రలు తుడిచాను. ఎనిమిదీ నిటారుగా, ఒకే వరసలో ఉన్నాయి. కర్రకూ కర్రకూ మధ్య మూరెడు దూరం. మూర అంటే నా మూర కాదు, మా అత్త నరసమ్మ మూర. ఆమె చెయ్యి కొలత పట్టి కోసిన వెదురుబద్ద ఇంకా నా దగ్గరే ఉంది. ప్రతి మజిలీలోనూ దానితోనే సరిచూస్తాను. ఈసారి ఆరో కర్ర వేలెడు జరిగి ఉంది. సరిచేశాను.

మా రేడియోలన్నీ ఒకే చానెల్‌వి. వేరే రకం చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మామూలు రేడియోలో ఇద్దరి మాటా పాడవుతుంది. అందుకే ఒకప్పుడు వంతులుండేవి, ఇంటికి ఒక నిమిషం. మా అత్త ఈ కర్రలు నిలబెట్టాక వంతులు పోయాయి. ఏడుగురు ఒకేసారి మాట్లాడినా, కర్రలకు కట్టిన రేడియో పెట్టె ఏడు స్పీకర్లలోకి విడదీసి ఇస్తుంది. మా ఇంటికి చెవిల్లు అని పేరు అందుకే వచ్చింది.

ఎలా విడదీస్తుందని కొత్తలో అడిగితే మా అత్త ఇలా చెప్పింది. "ఒగ గొంతు వస్తాది. ఈ కొస కర్రకు ముందు తగుల్తాది, ఆ కొస కర్రకు రవ్వంత ఆలస్యంగా తగుల్తాది. ఆ ఆలస్యం ఎంతో చూసి పెట్టె ఎనిమిదింటినీ ఒగే ఊపుకు తెస్తాది. ఎనిమిది మంది ఒగే ఊపున తోస్తే బండి కదుల్తాది గదా, అట్ల ఆ గొంతు లేస్తాది. ఇంగో దిక్కు గొంతుకు ఆ ఊపు కుదరదు. అది పడిపోతాది."

ప్రతి స్పీకరు కింద ఒక మర, మర చుట్టూ సున్నా నుంచి నూట ఎనభై దాకా అంకెలు ఉన్నాయి. సున్నా తూర్పు కొస, నూట ఎనభై పడమటి కొస, తొంభై అంటే ఎదురుగా ఉత్తరం. గొంతు ఎంత బలంగా వస్తోందో చెప్పడానికి పక్కనే ఒక ముల్లు ఉంటుంది, పదికి. అంకె, బలం, వేళ, మాట: నా రిజిస్టరులో గళ్ళు ఈ నాలుగే.

పేరు గడి లేదు. మా వాళ్ళెవరూ పేరు చెప్పరు. బండి నంబరు ముందు చెప్పాలని హనుమంతప్ప ఎన్నిసార్లు చాటించినా అందరూ "అక్కా, నేనే" అనే మొదలుపెడతారు. దుమ్ములో అందరి గొంతూ ఒకేలా పీలగా వస్తుంది. ఏ నేనే ఎవరిదో అంకెను బట్టి తెలుసుకోవలసిందే.

రిజిస్టరు మొదటి పేజీలో మా అత్త రాసిపెట్టిన మాటలు మూడున్నాయి. ఒక కర్ర వంగితే మిగతా ఏడూ అబద్ధం చెప్తాయి. కప్పు మీద తడిబట్టలు ఆరేయకు. చెవింటి వెనక ఎవరినీ ఉండనీయకు, చెవికి వీపు లేదు.

మూడోదాన్ని ఊరు ఊరంతా మర్యాద కింద లెక్కేసుకుంది. చెవింటి వెనక ఇల్లు కట్టకూడదు, పొయ్యి పెట్టకూడదు. ప్రతి అమావాస్యకూ హనుమంతప్ప మా వెనక గోడకు పసుపు రాయిస్తాడు. నేను మటుకు చెవికి వెనక వైపు వినపడదని అర్థం చేసుకున్నాను. పందొమ్మిదేళ్ళుగా అలాగే అనుకుంటున్నాను.

రెండో రోజు

తెల్లవారేసరికి దుమ్ము దిగింది. గాలి లేదు. ఎర్రటి ఇనుప దుమ్ము నిలబడిపోయింది. చేయి చాపితే వేళ్ళు కనపడవు. ఈ దుమ్ములో దిక్సూచి ముల్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. సోలార్ పలకలకు ఛార్జి ఎక్కదు. అయినా బండ్లను ఆపడానికి వీల్లేదు, నీళ్ళు తొమ్మిది రోజులకే.

నా మరిది ఓబులేసు కాలు విరిగి మా ఇంట్లోనే పడుకుని ఉన్నాడు. అతని పదిహేడో నంబరు బండిని నా తోడికోడలు గంగులు తీసుకుపోతానంది. నాకూ గంగులుకూ మజిలీ 211 నుంచి మాటల్లేవు. నా ఊరగాయ జాడీ తీసుకుపోయింది, తిరిగి ఇవ్వలేదు. అడిగితే "నీ జాడీ ఏమన్నా పారిపోతాదా" అంది.

పద్ధతి ప్రకారం బండ్లు ఊరిని ఒక చుట్టు చుట్టి, ఉత్తరాన ఉన్న ముందువాకిట దీపం దగ్గరికి వచ్చి, ఆ దీపానికి వీపు పెట్టి తమ తమ దిక్కులకు పోవాలి. మా ఇంటి వెనక మనుషులు తిరిగేది ఆ ఒక్క చుట్టులోనే. పొద్దున్నే చీకటిగా ఉందని వంటగదిలో దీపం వెలిగించి రొట్టెలు చేస్తూ బండ్ల గంటల చప్పుడు లెక్కపెట్టాను. ఏడు బండ్లు కిటికీ ముందు నుంచి పోయాయి. చివరిది గంగులుది. దాని గంటకు నాలుక వదులు.

హనుమంతప్ప గంగులుకు నూరు అంకె ఇచ్చాడు. తొమ్మిదో బండి హుసేన్‌బీకి నూట పన్నెండు. మధ్యాహ్నానికి అందరూ పలికారు. ఆరుగురు వాళ్ళ వాళ్ళ అంకెల మీదే ఉన్నారు. నూరు మీద ఎవరూ లేరు. నూట పన్నెండు మీద ఇద్దరున్నారు.

"అక్కా, నేనే."

"అక్కా, నేనే."

రెండు గొంతులూ ఒకే స్పీకరులో, ఒకదాని మీద ఒకటి వచ్చాయి. అంకె ఒకటే అయితే పెట్టె విడదీయలేదు. మరను రవ్వంత అటూ ఇటూ తిప్పినా లాభం లేకపోయింది.

"గంగులు దారి తప్పి హుసేన్‌బీ దగ్గరికి పోయుంటాది. కబుర్లకు," అన్నాడు ఓబులేసు, మంచం మీది నుంచే. "ఇంట్ల ఉన్నా పనికి ముందు కబుర్లే."

హనుమంతప్ప కూడా నవ్వాడు. నేను రిజిస్టరులో రాసుకున్నాను. 112, బలం 6. 112, బలం 6.

మూడో రోజు, ఉదయం

ఏడు గంటలకు నూట పన్నెండు నుంచి తడి తగిలిందన్న మాట వచ్చింది. "అక్కా, ఇరవై తొమ్మిది అడుగులకు తడి బంకమట్టి." ఊరంతా కేకలు వేసింది. పావుగంటకు అదే నూట పన్నెండు నుంచి "అక్కా, ఏం లేదు, అంతా బండే. ముప్పై అడుగులు గొట్టం దింపినా బూడిదే" అని వచ్చింది. హనుమంతప్ప మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? తడా, బండా?"

"ఇద్దరు రెండు చోట్ల దింపినట్టుంది."

"ఒగే చోట ఉండి రెండు చోట్లెట్ల దింపుతారు?"

మైకులో అడిగాను. "గంగులూ, హుసేన్‌బీ, మీరిద్దరూ పక్కపక్కన ఉండారా?"

ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చారు. అందులో నాకు తెలిసింది "ఎవురూ లేరు" అన్న ముక్క ఒక్కటే. దుమ్ములో పక్కనున్న బండి కూడా కనపడదు కదా అని హనుమంతప్ప సర్దిచెప్పుకున్నాడు.

ఎనిమిదిన్నరకు పడమటి గాలి లేచింది. నిలబడిన దుమ్ము ఉరకడం మొదలుపెట్టింది. హనుమంతప్ప బండ్లన్నింటినీ వెనక్కి పిలవమన్నాడు. ఇలాంటప్పుడు దిక్కు చెప్పగలిగింది గాలి ఒక్కటే. ఉత్తరం నుంచి ఇంటికి రావాలంటే పడమటి గాలి కుడి చెంపకు తగలాలి. ఏడుగురికీ అదే చెప్పాను.

"కుడి చెంపకు గాలి పెట్టుకుని రండి. అంకె తప్పితే నేను చెప్తా. తగ్గితే కుడికి, పెరిగితే ఎడమకు."

అందరూ బయల్దేరారు. పదిన్నరకు నాలుగు బండ్లు ఊరు చేరాయి. ఇక రావలసినవి మూడు: ఇరవయ్యో బండి, హుసేన్‌బీ తొమ్మిది, గంగులు పదిహేడు.

మూడో రోజు, మధ్యాహ్నం

ఇది జాగ్రత్తగా రాస్తున్నాను.

నూట పన్నెండు మీద రెండు గొంతులకూ పది నిమిషాలకొకసారి బలం రాసుకుంటూ వచ్చాను. ఒకటి: 6, 6, 7, 7, 8. రెండోది: 6, 5, 5, 4, 3. మొదటిది హుసేన్‌బీ అని తేలింది, తన బండి చక్రం కిర్రుమంటోందని తిట్టుకుంటోంది. ఆ గొంతు లేచేకొద్దీ దాని కింద రెండోది మునిగిపోతోంది. హుసేన్‌బీ ఊపిరి తీసుకున్నప్పుడు మాత్రమే గంగులు మాట వినపడుతోంది.

ఇద్దరూ ఒకే చోటు నుంచి ఒకే దిక్కుగా ఇంటికి వస్తుంటే ఒకరు దగ్గరై ఇంకొకరు దూరమవడమేమిటి?

"బ్యాటరీ అయిపోతాంటాది," అన్నాడు మా ఆయన మద్దిలేటి.

బ్యాటరీ అయిపోయే గొంతు నాకు తెలుసు. అది కరకరమని తెగుతుంది. ఇది తెగడం లేదు. శుభ్రంగానే ఉంది, సన్నబడుతోంది. నడిచిపోయే మనిషి గొంతులా ఉంది.

హుసేన్‌బీని కాసేపు నోరు మూసుకోమని గంగులును అడిగాను. "ఎన్ని గళ్ళున్నాయి?"

"ఆరు, అక్కా." బండికి నిండా ఛార్జి ఉంటే ఇరవై గళ్ళు. "పోయేటప్పుడు ఏడు అయిపాయ. గొట్టం దింపడానికి మూడు. ఇప్పుడొచ్చేటప్పుడు నాలుగు. ఇంగ మూడు గళ్ళల్లో ఊరొచ్చెయ్యాల గదా?"

"నీళ్ళు?"

"రెండు చెంబులు. పోనీలే అక్కా, ఊరొచ్చినాక తాగుతా. ఈ దుమ్ము మాత్రం కండ్లల్ల కొడ్తాంది."

ఆ మాట రాసుకుని, హుసేన్‌బీని అడిగాను. "నీకు దుమ్ము యాడ కొడ్తాంది?"

"చెవెనక. చెవులో ఒగ చేను పండియ్యొచ్చు, అంత మట్టి."

ఒకరికి కళ్ళలో, ఒకరికి చెవి వెనక. ఇద్దరికీ కుడివైపే. కానీ ఒకరు గాలికి కొంచెం ఎదురుగా నడుస్తున్నారు, ఇంకొకరు గాలిని కొంచెం వెనక పెట్టుకుని. పక్కపక్కనే ఒకే దారిన వచ్చేవాళ్ళకు అలా తగలదు.

వంటగదిలోకి పోయాను. పొయ్యి మీది జొన్నరొట్టె మాడుతోంది. దించి, ఓబులేసుకు ఇవ్వడానికి మధ్యకు మడిచాను. రొట్టె మీద రెండు మాడు మచ్చలున్నాయి, మడతకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. మడిచేసరికి రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

అక్కడే నిలబడిపోయాను.

పెట్టె మీద అంకెలు నూట ఎనభై దాకానే ఎందుకున్నాయి? చుట్టంటే మూడువందల అరవై. మిగతా సగం వినపడదనుకున్నాను. వినపడకపోవడం కాదు. మా కర్రలు ఒకే వరసలో ఉన్నాయి. వరసకు ముందు నుంచి వచ్చినా, వెనక నుంచి వచ్చినా, కర్రకూ కర్రకూ మధ్య ఆలస్యం ఒకటే. వెనకున్న గొంతును కూడా చెవి ముందున్నట్టే వింటుంది. రొట్టె మడతపడింది. చెవికి వీపు లేదంటే దానికి అంతా మొహమే. వెనక ఎవరినీ ఉండనీయవద్దని మా అత్త చెప్పింది అందుకే.

గంగులు వెనక ఉంది. ఊరికి దక్షిణంగా. కుడి చెంపకు గాలి పెట్టుకుని రమ్మని చెప్పింది నేను. ఆ మాట పట్టుకుని మూడు గంటలుగా ఊరికి దూరంగా పోతోంది. అంకె తప్పినప్పుడల్లా సరిదిద్ది మరీ పంపుతున్నాను.

వెంటనే మర ముందు కూర్చుని, "గంగులూ, బండి ఆపు. ఒగ అడుగు కూడా కదిలించొద్దు," అన్నాను.

"ఎందుకక్కా? వచ్చేసినా గదా?"

"ఆపు. చెప్తా."

హనుమంతప్పను పిలిపించాను. రొట్టె చూపించాను. ఆయన రొట్టెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఎనక యాల పోతాది? అందరూ ముందువాకిట నుంచే గదా పోయింది?"

"అది నాకు తెలీదు. వచ్చినాక అడుగుదాం. ఇప్పుడు ఇల్లు తిప్పాల."

"ఏ ఇల్లు?"

"ఈ ఇల్లే. ఇరవై డిగ్రీలు. అప్పుడు ముందున్నోళ్ళ అంకె ఇరవై తగ్గుతాది, ఎనకున్నోళ్ళ అంకె ఇరవై పెరుగుతాది. నూట పన్నెండు మీద ఇద్దరూ విడిపోతారు. విడిపోకపోతే నాది తప్పు, గంగులును మళ్ళా అట్లే నడిపిస్తా."

"బండ్లు బయటుండంగ చెవిల్లు తిప్పితే అరిష్టమమ్మా. అదీగాక ఈ గాలికి గూటాలు పీకితే ఇల్లు ఒరుగుతాది. ఒగ బండి కోసం ఇంగా రెండు బండ్లను చెవిటోళ్ళను చేస్తావా?"

రెండో మాట నిజమే. దానికి జవాబు ముందే ఆలోచించి పెట్టుకున్నాను. "పెట్టె ఆపినా ఒగ కర్ర పలుకుతాది. మా అత్త రాకముందు ఊరంతా ఒగ కర్రతోనే మాట్లాడుకున్యారు, వంతులేసుకుని. అరగంట ఆ పద్ధతే పెడ్తా. హుసేన్‌బీ, ఇరవయ్యో బండి యాడుండేటోళ్ళు ఆడనే ఆగుతారు. ఆగినోళ్ళకు చెవి అక్కర్లేదు."

ఓబులేసు కట్టుకట్టిన కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. హనుమంతప్ప అతన్ని చూశాడు. తరువాత నా చేతిలోని రొట్టె తీసుకుని, మడత విప్పి, ఇంకోలా మడిచి చూశాడు. ఈసారి మచ్చలు రెండు వేరు వేరు చోట్ల పడ్డాయి. ఇంకోసారి మడిచాడు.

"ఒరిగితే?" అన్నాడు.

"ఒరగకుండా పట్టుకుందాం."

"పిలువు ఆడోళ్ళను," అన్నాడు. "మగోళ్ళను కూడా."

మూడో రోజు, సాయంత్రం

ఇంటి పొడవు పద్దెనిమిది మూరలు. పడమటి కొస కదలకుండా ఉంచి తూర్పు కొసను ఉత్తరానికి ఆరు మూరల మీద ఒక జానెడు జరిపితే ఇరవై డిగ్రీలవుతుంది. మా అత్త వెదురుబద్దతో నేల మీద గీత గీశాను. గాలికి గీత చెరిగిపోతుంటే మా ఆయన దాని మీద వరసగా రాళ్ళు పెట్టాడు.

"పెండ్లయి ముప్పై ఏండ్లు, నన్ను తిప్పినావు," అన్నాడు. "ఇప్పుడు ఇల్లు తిప్పుతాండావు. ఇల్లే తిరిగితే నేనెంతలే."

బయట ఉన్న ముగ్గురికీ చెప్పాను. అరగంట ఎవరూ మాట్లాడకూడదు, పిలిస్తేనే పలకాలి.

"అరగంటా?" అంది హుసేన్‌బీ. "నేను పుట్టినాక అరగంట ఊరికెప్పుడున్యా అక్కా?"

పెట్టె ఆపాను. ఆరు గూటాలు పీకాం. తూర్పు కొసకు తాళ్ళు కట్టి నలుగురు గాలివైపు బిగబట్టారు. ఎనిమిది మందిమి చక్రాల దగ్గర భుజాలు ఆనించాం. మొదటి రెండుసార్లు ఇల్లు కదల్లేదు. ఒకరు ముందు తోస్తే ఇంకొకరు తరువాత తోస్తున్నారు. మూడోసారి నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఒకే ఊపులో తోశాం. ఇల్లు కదిలింది. లోపల పోపుడబ్బా కిందపడిన చప్పుడైంది. గాలి ఒకసారి బలంగా కొట్టినప్పుడు అటువైపు చక్రాలు బెత్తెడు పైకి లేచాయి. తాళ్ళ మీదున్నవాళ్ళు కూర్చుండిపోయారు, ఇల్లు మళ్ళీ నేలకు దిగింది. రాళ్ళ వరస చివరికి వచ్చేదాకా తోసి గూటాలు దిగ్గొట్టాం. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది.

కప్పెక్కి ఎనిమిది కర్రలూ కొలిచాను. ఏవీ జరగలేదు. దిగి పెట్టె వేశాను. గదిలో హనుమంతప్ప, ఓబులేసు, మా ఆయన ఉన్నారు. వాకిలి నిండా జనం ఉన్నారు.

మర నూట పన్నెండు మీద పెట్టాను. ఏమీ లేదు.

తొంభై రెండుకు తిప్పాను. "ఇద్దరూ ఒకేసారి పలకండి," అన్నాను.

"అక్కా, నేనే. ఇంగ నోరిప్పొచ్చా?" హుసేన్‌బీ. బలం 8. ఆమె కింద ఇంకే గొంతూ లేదు.

రెండో స్పీకరు మర నూట ముప్పై రెండుకు తిప్పాను.

"అక్కా, నేనే," అంది గంగులు. బలం 2. సన్నగా, ఒంటరిగా, ఏ గొంతూ కలవకుండా వచ్చింది.

ఓబులేసు కట్టుకట్టిన కాలు చాపుకుని పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"గంగులూ, నువ్వు ఊరికి ఎనక ఉండావు," అన్నాను. "నేనే తప్పు దారి చెప్పినా. బండి పూర్తిగా తిప్పు. ఇప్పుడు గాలి ఎడమ చెంపకు, రొంత చెవెనకగా తగలాల."

"ఎనకనా?" అంది. "అయితే ఆ దీపం ముందువాకిట దీపం కాదా? చుట్టు తిరుగుతాంటే ముందు బండి కనపడకపాయ. దీపమొగటి కనపడె. వాకిట దీపమే అనుకుని ఈపు పెట్టి వచ్చేస్తి."

అది మా వంటగది దీపం. పగటిపూట నేను వెలిగించినది. అది కూడా రాసుకున్నాను.

లెక్క ఇదీ. ఆమె ఇప్పుడున్న చోటు నుంచి ఊరికి పదకొండు గళ్ళ దూరం. ఆమె దగ్గరున్నవి ఆరు. రేడియోకు ఒకటి ఉంచుకుంటే ఐదు గళ్ళ దూరం రాగలదు. మిగిలిన ఆరూ మనం పోవాలి. పోను ఆరు, రాను ఆరు. ఊళ్ళో ఛార్జి ఉన్నది ఇరవై రెండో బండి ఒక్కటే, పద్నాలుగు గళ్ళు. తప్పు దిక్కుకు పోవడానికి అందులో చోటు లేదు.

"నేను పోతా," అన్నాడు మా ఆయన.

"నీ అంకె కూడా నూట ముప్పై రెండు మీదే ఉండాల. నేను చెప్పినట్టే తిరుగు. సొంత తెలివి వద్దు."

"అది ఎప్పుడుండె?"

దుమ్ములో వాళ్ళు ఒకరికొకరు కనపడరు. ఒకే అంకె మీద ఆమె ఇటూ, ఆయన అటూ నడిస్తే చాలు, ఎదురుపడక తప్పదు. పొద్దున నుంచి ఏ గొంతును విడదీయాలని చూశానో, ఇప్పుడు ఆ గొంతు మీదికే ఇంకో గొంతును తెచ్చి కలపాలి.

హుసేన్‌బీని, ఇరవయ్యో బండిని మళ్ళీ బయల్దేరదీశాను. మూడుంబావుకు ఇద్దరూ ఊరు చేరారు. హుసేన్‌బీ దుమ్ము దులుపుకోకుండానే వచ్చి నా పక్కన కూర్చుంది. ఆశ్చర్యంగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మద్దిలేటి 132, బలం 10. గంగులు 132, బలం 2.

"ఏమయ్యా, రొంత కుడికి. ఇంగ రొంత. చాలు."

మద్దిలేటి 9. గంగులు 4.

"గంగులూ, నీ అంకె తగ్గింది. ఎడమకు తిరుగు. గాలి చెవెనక నుంచి జారకుండ చూసుకో."

మద్దిలేటి 8. గంగులు 6.

ఐదు నలభైకి గంగులు గళ్ళు అయిపోయాయి. ఒక్కటి ఉంచుకుని ఆగిపోయానంది. గంట కొడుతూ కూర్చోమన్నాను. ఓబులేసు నేల మీద నుంచి చెయ్యి చాపితే మైకు అతనికి ఇచ్చాను. "ఏమే," అన్నాడు. "ఊఁ" అంది గంగులు. అతను మైకు తిరిగి ఇచ్చేశాడు.

మద్దిలేటి 8. గంగులు 7.

మద్దిలేటి 7. గంగులు 7.

అంతే, రెండు గొంతులూ ఒకేసారి లేచాయి. ఆయన ఏదో అరుస్తున్నాడు, ఆమె ఏదో అరుస్తోంది, మధ్యలో నాలుక వదులైన గంట మోగుతోంది. అలవాటుగా చెయ్యి మర మీదికి పోయింది. తీసేశాను. అంకె ఒకటే. పెట్టె విడదీయలేదు. విడదీయనక్కరలేదు.

సాయంత్రం ఆరుంబావు. 132, బలం 7. మాట గడిలో ఏం రాయాలో తెలియక "ఇద్దరూ" అని రాశాను.

నాలుగో రోజు

గాలి తగ్గింది. నిన్న రాత్రి బాగా పొద్దుపోయాక గంగులు వచ్చింది, వెనక నుంచి. వంటగది కిటికీ కింద బండి దిగి, కిటికీలో నుంచే రెండు చెంబుల నీళ్ళు తాగింది. మూడో చెంబు ముంచుతుంటే "జాడీకి మూత పగిలిందక్కా. అందుకే తేలేదు," అంది. జాడీ బాగానే ఉందట.

తడి మట్టి తగిలింది గంగులుకే. మా వెనక, ఇరవై తొమ్మిది అడుగుల లోతున. పందొమ్మిదేళ్ళలో మేము ఏ మజిలీలోనూ వెనక వెతకలేదు. బండ్లకు ఛార్జి ఎక్కగానే గొట్టాలు అక్కడికి పోతాయి. హనుమంతప్ప వెనక గోడ దగ్గర నిలబడి, పసుపు పూసిన చోటును చాలాసేపు చూసి, "ఇది ఉండనీ, రంగు బాగుంది" అన్నాడు.

పెట్టె మీద ప్రతి అంకె కిందా బొగ్గుతో రెండో అంకె రాశాను, వెనకది. 112 కింద 248. రిజిస్టరులో ఐదో గడి గీశాను: ముందా, వెనకా. వంటగది కిటికీకి గోనెపట్టా తెర కుట్టాను. బండ్లు తిరిగే వేళ అది దించి ఉండాలి.

మొదటి పేజీ తీశాను. మా అత్త మూడో మాట కింద చోటుంది. అది చదివి పందొమ్మిదేళ్ళు పొరబడ్డాను కాబట్టి, నా తరువాత ఈ మర తిప్పేవాళ్ళు పొరబడకుండా విడమరిచి రాశాను.

వెనక నుంచి వచ్చినా ముందు నుంచి వచ్చినట్టే వింటుంది. నీ వైపు నడిచే మనిషి గొంతు సన్నబడుతుంటే మనిషిని అనుమానించకు, బ్యాటరీని అనుమానించకు. బండిని ఆపు. ఎనిమిది మందిని పిలువు. ఇల్లు తిప్పు.